ట్రెంట్‌లో ఊడిన గడ్డం

అక్టోబరు 31 దగ్గరపడుతోందంటే ఆదివారం అనుబంధాలకు మార్టిన్ లూథర్ గుర్తొస్తాడు. 1517లో ఆ రోజున విట్టెన్‌బర్గ్ కోట చర్చి తలుపుకు 95 వాదాంశాల కాగితాన్ని మేకులు కొట్టి తగిలిస్తున్న బొమ్మ, దాని కింద ఓ వెయ్యి మాటల వ్యాసం, పక్క పేజీలో గుంటూరులోనో రాజమండ్రిలోనో లూథరన్ గుడిలో జరిగే ప్రత్యేక ఆరాధన ఫొటో. ఏటా ఇదే వరస. ఆ మేకుల సంగతైనా అంత గట్టిదేం కాదు. లూథర్ పైవాళ్లకు ఉత్తరాలు రాశాడే తప్ప తలుపు జోలికి పోలేదని 1961లో ఎర్విన్ ఇసర్లో అనే జర్మన్ చరిత్రకారుడు వాదించాడు. అప్పట్నుంచీ ఆ సుత్తి కాస్త వదులుగానే ఉంది.

అందుకని ఈసారి సుత్తిని వదిలేసి ఒక గడ్డం కథ చెప్పుకుందాం. గొడవ మాత్రం అదే. దేవుడి ముందు మనిషి నీతిమంతుడిగా నిలబడాలంటే విశ్వాసం ఒక్కటే సరిపోతుందా, చేసిన మంచిపనులు కూడా లెక్కకొస్తాయా? ఈ ప్రశ్న మీద ఐరోపా రెండుగా చీలింది, రాజులు యుద్ధాలకు దిగారు, అచ్చుయంత్రాలు రాత్రింబవళ్లు తిరిగాయి. వాటన్నిటికన్నా నాకు ఇష్టమైంది 1546 జులైలో ఇద్దరు బిషప్పుల మధ్య జరిగిన రభస. అక్కడికి చేరాలంటే ముందు పదిహేను వందల ఏళ్లు దాటాలి. పెద్ద పెద్ద అంగలే వేద్దాం.

మొదట పౌలు. క్రీస్తుశకం 50లలో గలతీయులకు, రోమీయులకు రాసిన ఉత్తరాల్లో ఆయన వాదన ఇది: యూదులు కానివాళ్లు సున్నతి లాంటి ధర్మశాస్త్ర నియమాలు మోయనక్కర్లేదు, విశ్వాసం ద్వారానే నీతిమంతులవుతారు, కావాలంటే అబ్రాహామును చూడండి. అదే కొత్త నిబంధనలో కొన్ని పేజీలు ముందుకు తిప్పితే యాకోబు పేరిట ఒక ఉత్తరం ఉంటుంది. ఆయనా అబ్రాహామునే పిలుస్తాడు. కొడుకును బలిపీఠం మీదికి తీసుకెళ్లిన ఆ పని వల్ల కాదా ఆయన నీతిమంతుడైంది అని అడుగుతాడు. ఒంటి మీద గుడ్డ లేనివాడికీ కూడు లేనివాడికీ చల్లటి మాట చెప్పి సాగనంపే విశ్వాసం ఎందుకు పనికొస్తుందంటాడు. ఒకే సాక్షి, ఇద్దరు వకీళ్లు. తొలినాళ్ల సంఘం ఇద్దరి ఉత్తరాలనూ ఒకే గ్రంథంలో కుట్టేసి, సర్దుబాటు పని తర్వాతి తరాలకు వదిలేసింది.

బ్రిటన్ నుంచి రోమ్ చేరిన పెలాగియస్ అనే సాధువు 5వ శతాబ్దం మొదట్లో, మనిషి గట్టిగా తలుచుకుంటే మంచిగా బతకగలడని, ఆ శక్తి దేవుడు పుట్టుకతోనే ఇచ్చాడని బోధించాడు. ఉత్తర ఆఫ్రికాలో హిప్పో బిషప్పు అగస్టీన్ ఒప్పుకోలేదు. దేవుడి కృప ముందు రాకపోతే మంచి చెయ్యాలన్న తలపైనా పుట్టదన్నాడు. 418లో కార్తేజి సభ పెలాగియస్ బోధను తోసిపుచ్చింది. 529లో దక్షిణ ఫ్రాన్సులోని ఒరాంజ్‌లో ఒక చిన్న సభ అగస్టీన్ వైపే, కాస్త మెత్తగా, మొగ్గింది. ఆ తీర్మానాలు తర్వాత ఎక్కడ పడిపోయాయో పడిపోయాయి. థామస్ అక్వినాస్ అంతటివాడికే అవి కంటపడలేదని పండితులు అంటారు. 1538లో అచ్చయ్యాక గాని జనం చదవలేదు. అవసరమైన కాలమంతా అవసరమైన కాగితం దొరక్కపోవడం ఎలా ఉంటుందో మన రెవెన్యూ రికార్డులతో పనిపడ్డవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు.

అక్కణ్నుంచి లూథర్ దాకా దాదాపు వెయ్యేళ్లు. ఆ వెయ్యేళ్లలో మామూలు మనుషులు విశ్వాసం గురించి ఏమనుకున్నారో రాసిపెట్టినవాళ్లు తక్కువ. ఏం చేశారో మాత్రం రాళ్లు చెబుతాయి. సత్రాలు, కుష్ఠురోగులకు ఆశ్రమాలు, వంతెనలు, చచ్చిపోయాక తమ ఆత్మ కోసం పూజలు చేయిస్తూండమని మఠాలకు రాసిచ్చిన మాన్యాలు. 1443లో బర్గండీ ఛాన్సలరు నికొలా రోలాఁ బోన్ పట్టణంలో పేదలకోసం స్థాపించిన ఆసుపత్రి భవనం రంగు పెంకుల కప్పుతో ఇవాళ్టికీ నిలిచి ఉంది. ఇహలోకపు ఆస్తినిచ్చి పరలోకపు ఆస్తి పుచ్చుకుంటున్నానని, ఇది లాభసాటి మారకమని ఆయన దానపత్రంలో దాపరికం లేకుండా రాయించాడు. రోలాఁ నిజాయితీ నాకు నచ్చుతుంది. ఆసుపత్రిలో మంచం దొరికిన రోగి దాత ఉద్దేశం అడగడు కదా.

అయితే మారకం అన్నాక ఎప్పుడో ఒకప్పుడు దళారులు దిగుతారు. బ్రాండెన్‌బర్గ్ రాజవంశపు కుర్రాడు ఆల్బ్రెఖ్ట్ మెయింజ్ ఆర్చిబిషప్పు పదవికోసం ఆగ్స్‌బర్గ్ షావుకార్లు ఫుగ్గర్ల దగ్గర అప్పుచేశాడు. పాపపరిహార పత్రాలు అమ్మితే వచ్చే సొమ్ములో సగం ఆ అప్పు కిందికి, సగం రోమ్‌లో సెయింట్ పీటర్స్ గుడి కట్టడానికి అని ఒప్పందం. యోహాన్ టెట్జెల్ అనే సన్యాసి పెట్టె పట్టుకుని ఊరూరా తిరిగాడు. ఫుగ్గర్ల గుమాస్తా తాళంచెవితో వెంటే తిరిగాడు. లూథర్ కాగితం ఈ వ్యవహారం మీదే. కానీ ఆయన అక్కడితో ఆగలేదు. పత్రాలు కొనడమే కాదు, ఉపవాసాలు, యాత్రలు, మఠజీవితం, ఏవీ దేవుడి ముందు మనిషి ఖాతాలో జమ కావు, విశ్వాసం ఒక్కటే అన్నాడు. మంచిపనులు మానమని మాత్రం అనలేదు. 1520లో మంచిపనుల గురించే ఒక పుస్తకం రాశాడు. రక్షణ పొందినవాడు పొరుగువాడికి మేలు చెయ్యకుండా ఉండలేడు, కాకపోతే ఆ మేలుకు కూలి అడగడు అన్నది ఆయన లెక్క. యాకోబు ఉత్తరం మీద మాత్రం ఆయనకు ఒళ్లుమంట. 1522లో దాన్ని గడ్డితో పోల్చాడు.

ఇరవై ఏళ్ల తర్వాత ఒక్కసారి రాజీ చేతికందింది. 1541లో చక్రవర్తి ఐదో చార్లెస్ రేగెన్స్‌బర్గ్‌లో రెండు పక్షాల పండితులనూ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. ఇటు యోహాన్ ఎక్, గ్రాపర్, ఫ్లుగ్. అటు మెలాంక్తోన్, బూట్సర్, పిస్టోరియస్. పోప్ తరఫున వచ్చిన కార్డినల్ గాస్పరో కాంటారిని వెనిస్ రాయబారిగా తలపండినవాడు. పైగా విశ్వాసం గురించి లూథర్ పడ్డ వేదనే యవ్వనంలో తనూ పడ్డవాడు. మే 2న నీతిమంతుడెలా అవుతాడన్న అంశం మీద ఒప్పందం కుదిరింది. ప్రేమతో పనిచేసే సజీవ విశ్వాసమే నీతిమంతుణ్ని చేస్తుంది, కానీ మనిషి ఆనుకోవలసింది తనలో పుట్టిన మంచి మీద కాదు, క్రీస్తు నీతి మీద. అక్కడే ఉన్న యువకుడు కాల్విన్ ఎదటిపక్షం ఇంత దూరం వచ్చిందేమిటని ఆశ్చర్యపోతూ ఉత్తరం రాశాడు. ఆ ఆశ్చర్యం ఎంతోకాలం నిలవలేదు. విట్టెన్‌బర్గ్‌లో లూథర్ దాన్ని అతుకులబొంత అని తోసేశాడు, రోమ్ కూడా సంతకం పెట్టనంది. మరుసటేడు ఆగస్టులో కాంటారిని కన్నుమూశాడు.

ఆయన పోయినా ఆయన లాంటి మనుషులు ఇటలీలో మిగిలారు. కథోలిక సంఘం విడిచి వెళ్లనివాళ్లు, అయినా విశ్వాసం గురించి లూథర్ చెప్పిందాంట్లో ఎంతో కొంత నిజముందని లోలోపల ఒప్పుకున్నవాళ్లు. మన గడ్డం కథ వీళ్లదే.

ట్రెంట్ ఆల్ప్స్ కొండల నడుమ అడిజె నది ఒడ్డున ఉన్న చిన్న పట్టణం. లెక్కప్రకారం చక్రవర్తి సామ్రాజ్యంలోది, వీధుల్లో వినిపించేది ఇటాలియన్. అందుకే మహాసభకు దాన్ని ఎంచుకున్నారు. చక్రవర్తి తన నేల అనుకోవచ్చు, పోప్ తన పెరడు అనుకోవచ్చు. 1545 డిసెంబరు 13న సభ మొదలైనప్పుడు వచ్చిన ఆర్చిబిషప్పులూ బిషప్పులూ కలిపి ముప్పై మంది కూడా లేరు. పోప్ మూడో పౌల్ తరఫున ముగ్గురు కార్డినళ్లు అధ్యక్షత వహించారు. కోపమూ హాస్యమూ రెండూ ముక్కు మీదే ఉండే దెల్ మొంటే, పుస్తకాలంటే ప్రాణమిచ్చే చెర్వీని, ఇంగ్లండు రాజవంశపు రక్తమున్న రెజినాల్డ్ పోల్. పోల్ తల్లిని 1541లో ఎనిమిదో హెన్రీ తల తీయించాడు. దీక్ష మీద ఉన్న మనిషిలా ఎప్పుడూ మెల్లగా మాట్లాడే ఈ పోల్, తన స్నేహితురాలైన కవయిత్రి విట్టోరియా కొలొన్నాకు ఒక సలహా చెప్పాడట. నమ్మేటప్పుడు విశ్వాసం తప్ప దిక్కులేదన్నట్టు నమ్ము, పనిచేసేటప్పుడు పనుల వల్లే గట్టెక్కుతావన్నట్టు చెయ్యి అని. ఈ సంగతి లోకానికి తెలిసిందెలాగంటే, తర్వాతెప్పుడో ఇంక్విజిషన్ విచారణలో పియెత్రో కార్నెసెక్కి అనే మిత్రుడు వాంగ్మూలమిచ్చాడు. వేదాంతులు పుస్తకాలకొద్దీ రాసినా ఇంతకన్నా పనికొచ్చే మాట నాకు కనబడలేదు. దాన్ని కోర్టు కాగితాల్లోంచి ఏరుకోవలసి రావడం వేరే విషయం.

1546 ఫిబ్రవరి 18న లూథర్ చనిపోయాడు. జూన్ 22న సభ ఆయన ప్రశ్నను చేతిలోకి తీసుకుంది. చర్చకు ముందే పోల్ తోటి సభ్యులకు ఒక మాట చెప్పాడు. ఎదటివాళ్ల పుస్తకాలు శత్రువు పుస్తకాల్లా చదవొద్దు, లూథర్ అన్నాడు కాబట్టి అబద్ధం అనొద్దు అని. ఆ మాట చెప్పి, నెల తిరక్కుండానే ఆరోగ్యం బాగాలేదని ట్రెంట్ వదిలి వెళ్లిపోయాడు. భుజం నొప్పి నిజమే. కానీ ఇష్టంలేని తీర్మానం మీద చెయ్యెత్తాల్సిన రోజు దగ్గరపడితే ఎవరి భుజమైనా నొప్పెడుతుంది.

జులైకల్లా ఊరంతా ఉద్రిక్తంగా ఉంది. జర్మనీలో ప్రొటెస్టంట్ రాజుల మీద చక్రవర్తి యుద్ధం మొదలైంది. సాయంగా పోప్ పంపిన సైన్యం ఉత్తరానికి కదులుతోంది. కొందరు బిషప్పులు పెట్టేబేడా సర్దుకునే ఆలోచనలో ఉన్నారు. సభలో మాత్రం ఒకరి తర్వాత ఒకరు లేచి విశ్వాసం, కృప, క్రియలు అంటూ లాటిన్‌లో గంటలకొద్దీ మాట్లాడుతున్నారు. ఎక్కువమంది వాదన ఒక్కటే: కృప దేవుడిదే, విశ్వాసమే మొదలు, అయితే మనిషి సహకారం, ప్రేమ, క్రియలు కలవాలి. నలుగురైదుగురు మాత్రం వేరే దారి పట్టారు. వాళ్లలో ఒకడు బెల్లూనో బిషప్పు గియులియో కాంటారిని. పాత కాంటారినికి అన్నదమ్ముల వరస బిడ్డ. అతను విశ్వాసానికి ఇచ్చిన చోటు చూసి సభ గుసగుసలాడింది. ఇంకొకడు లా కావా బిషప్పు తొమ్మాసో సాన్‌ఫెలీచే.

సాన్‌ఫెలీచే సభకు కొత్తవాడు కాదు. అసలు అందరికన్నా ముందు ట్రెంట్ వచ్చినవాళ్లలో ఒకడు. ఎవరికి ఏ ఇల్లు, గుర్రాలు ఎక్కడ కట్టెయ్యాలి, గింజలు ఎక్కణ్నుంచి తెప్పించాలి, ఇలాంటి ఏర్పాట్లు చూడ్డానికి రోమ్ పంపిన మనిషే ఆయన. అంటే సభలో విశ్వాసమొక్కటే అని వాదించినవాడు సభ బయట అందరికన్నా ఎక్కువ పని చేసినవాడు. తన వంతు వచ్చినప్పుడు ఆయన నీతిమంతత్వాన్ని దాదాపు పూర్తిగా విశ్వాసానికే అప్పజెప్పాడు. ఆశ, ప్రేమ దాని వెంట వచ్చేవే గాని కారణాలు కావన్నాడు.

ఇది విని ఒళ్లు మండినవాడు దియొనిసియో జన్నెత్తిని. ఫ్రాన్సిస్కన్ సన్యాసి, వెనిస్ ఏలుబడిలో ఉన్న క్రీట్ దీవిలోని కిరొనిస్సాకు బిషప్పు. గ్రీకు మూలాలున్నవాడు కాబట్టి అందరూ గ్రెకెత్తో అనేవాళ్లు. శాస్త్రం బాగా చదివాడు, నోటికి మాత్రం గొళ్లెం లేదు. తోటి సభ్యుల్లో ఎవరెవరి మాటల్లో లూథర్ వాసన కొడుతోందో రోమ్‌లోని కార్డినల్ ఫర్నేసేకి ఉత్తరాలు రాస్తూండేవాడు. అలాంటి మనిషి ప్రతి కచేరీలోనూ ఒకడుంటాడు.

జులై 17న సమావేశం ముగిసింది. సభ్యులు లేచి గుంపులు గుంపులుగా మాట్లాడుకుంటున్నారు. గ్రెకెత్తో పక్కనున్న ఇద్దరితో, సాన్‌ఫెలీచే అన్న మాటలు తెలివితక్కువ వల్లన్నా అనాలి, దుర్మార్గం వల్లన్నా అనాలి, మూడోది లేదు అన్నాడు. ఆ మాట సాన్‌ఫెలీచే చెవిన పడింది. దగ్గరికొచ్చి, నా గురించేనా అన్నావు అని అడిగాడు. అవును, నీ గురించే, నువ్వు మూర్ఖుడివైనా కావాలి, దుర్మార్గుడివైనా కావాలి అని గ్రెకెత్తో జంకూగొంకూ లేకుండా మొహాన చెప్పాడు. సాన్‌ఫెలీచే రెండు చేతులా ఆయన గడ్డం పట్టుకుని గుంజాడు. వెంట్రుకలు చేతుల్లోకి ఊడివచ్చాయి. గడ్డం పోయినా గ్రెకెత్తో మాట పోనివ్వలేదు. నేనన్నది అన్నదే, మళ్లీ అంటాను అని అందరికీ వినబడేలా అరిచాడు.

మన దగ్గర గడ్డం పట్టుకునేది బతిమాలడానికి. ఇంటికొచ్చి అన్నం తిని వెళ్లమని, అలిగిన అల్లుణ్ని పీట మీద కూర్చోమని. విశ్వాసానికి క్రియలతో సంబంధం లేదని ఇప్పుడే లాటిన్‌లో నిరూపించి వచ్చినవాడు తన విశ్వాసాన్ని ఇంత చేతల్లో చూపించడం చూస్తే యాకోబు ఎక్కణ్నుంచో నవ్వుకుని ఉంటాడు.

ఇంతకీ బిషప్పుల మొహాన గడ్డాలెందుకున్నాయి? సంఘం పాత నియమాల ప్రకారం గురువులు నున్నగా గీయించుకోవాలి. 1527లో చక్రవర్తి కిరాయి సైనికులు రోమ్‌ను దోచి తగలబెట్టాక, ఆ దుఃఖానికి గుర్తుగా పోప్ ఏడో క్లెమెంట్ గడ్డం పెంచాడు. పోప్ పెంచితే కార్డినళ్లు పెంచారు, కార్డినళ్లు పెంచితే బిషప్పులు పెంచారు. గురువులకు గడ్డం తగునని నిరూపిస్తూ పియెరియో వలేరియానో అనే పండితుడు ఏకంగా గ్రంథమే రాశాడు. కాబట్టి సాన్‌ఫెలీచే చేతికి చిక్కింది శాస్త్రసమ్మతమైన, చరిత్రాత్మకమైన గడ్డం.

మతాధికారి మీద చెయ్యిచేసుకుంటే సంఘ చట్టంలో శిక్ష దానంతటదే పడుతుంది, వెలి. దాన్ని ఎత్తెయ్యడం పోప్ చేతిలోనే ఉంది. పోప్ ప్రతినిధులు సాన్‌ఫెలీచేను సాన్ బెర్నార్దినో మఠంలో నిర్బంధించి రోమ్‌కు కబురు పెట్టారు. ఈలోగా ఎవరూ ఊహించనిది ఒకటి జరిగింది. గడ్డం పోగొట్టుకున్న గ్రెకెత్తోనే వచ్చి అతణ్ని క్షమించమని వేడుకున్నాడు. ఆయన మీద నాకున్న కోపం ఇక్కడ కాస్త తగ్గుతుంది. పోప్ అనుమతితో వెలి ఎత్తేశారు గానీ సాన్‌ఫెలీచే ట్రెంట్ వదిలి వెళ్లాల్సి వచ్చింది. అందరికీ బసలు ఏర్పాటు చేసినవాడికి బస లేకుండా పోయింది. సభ కార్యదర్శి ఆంజెలో మస్సరెల్లి రోజూ డైరీ రాసే అలవాటున్నవాడు కాబట్టి ఇదంతా మనదాకా వచ్చింది. ఆ నెలాఖరులోనే అధ్యక్షుడు దెల్ మొంటేకీ ఊరి ప్రభువైన కార్డినల్ మద్రుజ్జోకీ నిండు సభలో మాటామాటా పెరిగింది. అప్పుడు మాత్రం ఎవరి గడ్డానికీ నష్టం జరగలేదు.

మధ్యేమార్గానికి మిగిలిన పెద్ద దిక్కు సెరిపాండో. లూథర్ ఏ అగస్టీనియన్ సన్యాసుల్లోంచి వచ్చాడో వాళ్లకే అధిపతి. తీర్మానం చిత్తుప్రతుల్లో చాలా భాగం ఆయన చేతిరాతే. ఎంత మంచి చేసినా చివరికి క్రీస్తు నీతిని చూపించి బతిమాలుకోవడమే మనిషికి గతి అన్నది ఆయన మనసులో మాట, అంటే పాత కాంటారిని మాటే. అక్టోబరులో దాని మీద పెద్ద వాదం నడిచింది. జెస్యూట్ యువ పండితుడు లైనెజ్ ఎదురు నిలిచాడు, సెరిపాండో ఓడిపోయాడు. 1547 జనవరి 13న తీర్మానం వెలువడింది. 16 అధ్యాయాలు, 33 శాపవాక్యాలు. కృప లేకుండా తన పనులతోనే నీతిమంతుణ్నవుతానన్నవాడికి మొదటి శాపం, విశ్వాసం ఒక్కటే చాలన్నవాడికి తొమ్మిదోది. పేరు పెట్టకపోయినా ఆ తొమ్మిదోది ఎవరికో అందరికీ తెలుసు. శాపాలు పక్కనపెట్టి అధ్యాయాలు చదివితే మాత్రం, కృపే ముందు, విశ్వాసమే వేరు అన్న మాటలు అగస్టీన్‌కూ సెరిపాండోకూ నచ్చేట్టే ఉంటాయి.

అటువైపు లూథరన్లు హాయిగా ఉన్నారా అంటే అదీ లేదు. రక్షణకు మంచిపనులు అవసరమని విట్టెన్‌బర్గ్‌లో గియోర్గ్ మాయోర్ అంటే, లూథర్ పాత స్నేహితుడు ఆమ్స్‌డోర్ఫ్ ఏకంగా మంచిపనులు రక్షణకు హానికరమని 1559లో పుస్తకం వేశాడు. వాటి మీద నమ్మకం పెట్టుకుంటే హాని అని ఆయన భావం. శీర్షిక చూసి పుస్తకం కొనే జనం అప్పుడూ ఉన్నట్టున్నారు. 1577లో కాంకర్డ్ సూత్రం పేరిట లూథరన్లు కూర్చుని ఆ రెండు మాటలూ ఎవరూ అనకూడదని తేల్చారు.

రాజీ కోరినవాళ్ల గతి చూడండి. సభ ముగ్గురు అధ్యక్షుల్లో దెల్ మొంటే 1550లో పోప్ అయ్యాడు, చెర్వీని 1555లో పోప్ అయి 22 రోజులకే చనిపోయాడు. పోల్ ఒకటి రెండు ఓట్ల తేడాతో పోప్ పదవి పోగొట్టుకుని, చివర్లో మతద్రోహం అనుమానం మీద రోమ్ పిలుపు తలపై వేలాడుతుండగా 1558లో క్యాంటర్‌బరీ ఆర్చిబిషప్పుగా కన్నుమూశాడు. 1557లో పోప్ నాలుగో పౌల్ అదే ఆలోచన ఉన్న కార్డినల్ మొరొనేను, మన సాన్‌ఫెలీచేను పట్టి జైల్లో వేయించాడు. ఆ పోప్ చనిపోయాక గాని బయటపడలేదు. కార్నెసెక్కికి 1567లో తల తీశారు. ఇంకో తమాషా ఏమిటంటే, నిన్నటిదాకా ఖైదీగా ఉన్న ఆ మొరొనేనే 1563లో ట్రెంట్ సభకు అధ్యక్షుడై దాన్ని ముగించాడు.

ఆ తర్వాత మూడొందల ఏళ్లు రెండు పక్షాలూ ఎవరి పాఠం వాళ్లు పిల్లలకు వల్లెవేయించాయి. ఆ పాఠం తెలుగు నేలకూ చేరింది. 1842 జులై 31న లూథరన్ మిషనరీ హయ్యర్ గుంటూరులో దిగాడు. విశ్వాసం ఒక్కటే చాలని చెప్పే ఆ సంఘం గుంటూరులో కట్టినవి చూస్తే మాత్రం ట్రెంట్ తండ్రులు కూడా సంతోషిస్తారు. బడులు, 1885లో మొదలైన కాలేజీ, 1883లో వచ్చిన డాక్టర్ ఆనా కుగ్లర్ 1898కల్లా నిలబెట్టిన ఆసుపత్రి. పురుడు పోసుకున్నవాళ్లలో ఏ శాపవాక్యం ఎవరికి తగులుతుందో ఆమె లెక్కవేసినట్టు లేదు.

ఒంగోలులో అమెరికన్ బాప్టిస్ట్ మిషనరీ జాన్ క్లౌ ఈ ప్రశ్నను తలకిందులుగా ఎదుర్కొన్నాడు. 1876–78 ధాత కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని, కూలి ఇచ్చాడు. కుర్రతనంలో సర్వేయరుగా చేసిన అనుభవం అక్కరకొచ్చింది. బాప్తిస్మం ఇమ్మని జనం వస్తుంటే మాత్రం ఇవ్వనన్నాడు. బియ్యం కోసం వచ్చారన్న మాట పడుతుందని, పనులు, సాయం ముగిసేదాకా ఆపాడు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు మారుతూ దిగారు. విశ్వాసం నుంచి పనులు వస్తాయా, పనుల నుంచి విశ్వాసం వస్తుందా అని ఆ నీళ్లలో దిగిన మాదిగ కుటుంబాలను ఎవరైనా అడిగి ఉంటే, కరువులో ఎవరు దగ్గర నిలబడ్డారో చూశాం అనేవారేమో.

20వ శతాబ్దంలో కథ మరీ చిక్కుపడుతుంది. పండితులు పాత కాగితాలు మళ్లీ చదివారు, రెండు పక్షాలూ దశాబ్దాలపాటు కూర్చున్నాయి. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్ ప్రపంచ సమాఖ్య తరఫున క్రిస్టియాన్ క్రౌజె, వాటికన్ తరఫున కార్డినల్ ఎడ్వర్డ్ కాసిడీ ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశారు. కృప వల్లే, విశ్వాసం ద్వారానే, పనుల బలం వల్ల కాదు. అయితే ఆ కృపే మంచిపనులకు పిలుస్తుంది. అప్పట్లో వేసిన శాపాలు ఇప్పటి ఎదటివాడికి తగలవు. ఇందులో పాత కాంటారిని గుర్తుపట్టలేని వాక్యం పెద్దగా లేదు. సంతకాలు జరిగిన సెయింట్ ఆనా గుడిలోనే యాకోబ్ ఫుగ్గర్ సమాధి ఉంది. ఆల్బ్రెఖ్ట్‌కు అప్పిచ్చిన ఆ షావుకారే. 1518లో కార్డినల్ ముందు విచారణకు వచ్చినప్పుడు లూథర్ దిగిందీ ఆ ఆవరణలోనే. ఫుగ్గర్ 1521లో బీద కథోలికులకోసం కట్టించిన ఇళ్ల వాడ ఇంకా నడుస్తోంది. ఏడాదికి అద్దె యూరో కన్నా తక్కువ, అదనంగా దాత ఆత్మకోసం రోజూ మూడు ప్రార్థనలు. ఉమ్మడి ప్రకటన వల్ల ఆ అద్దె ఒప్పందం మారలేదు.

సంతకాలకు ముందే 1998లో జర్మనీలో 150 మందికి పైగా ప్రొటెస్టంట్ ఆచార్యులు ఇది లొంగుబాటని అభ్యంతరపత్రం రాశారు. అమెరికాలో మిస్సోరీ సినడ్ లూథరన్లు ఒప్పుకోలేదు. 2006లో మెథడిస్టులు, 2017లో విట్టెన్‌బర్గ్‌లో రిఫార్మ్‌డ్ సంఘాలవాళ్లు చేయి కలిపారు. అంత కలిసినా ప్రభురాత్రి భోజనం బల్ల దగ్గర ఇప్పటికీ వేరువేరే. మన దగ్గర ఈ పాత పక్షాలు రెండూ ఇప్పుడు ఒకేరకం దిగులుతో ఉన్నాయి. ఆదివారం కుర్రాళ్లు ఫోన్లో వేరే బోధకుణ్ని వింటున్నారు. కానుక పంపితే అప్పు తీరుతుందని, వీసా వస్తుందని తెర మీద చెప్పే కొందర్ని చూస్తే టెట్జెల్‌కు అసూయ కలుగుతుంది. ఆయన మోసిన పెట్టె బరువు వీళ్లకు లేదు.

ఇక గుంటూరు జిల్లాలో కథోలిక అమ్మాయికీ లూథరన్ అబ్బాయికీ సంబంధం కుదిరితే, పెళ్లి ఎవరి గుడిలో అన్న దగ్గర రెండు వైపుల పెద్దలూ గట్టిగానే పట్టుబడతారు. తొమ్మిదో శాపవాక్యం ఊసు గానీ 1999 సంతకాల ఊసు గానీ ఎవరూ ఎత్తరు. అమ్మాయి తరఫు విచారణ గురువు అనుమతి కాగితం ఎప్పటికిస్తారు, అబ్బాయి తరఫు పాస్టరుగారు పక్కన నిలబడి ఆశీర్వదించవచ్చా, వీటి మీద మూడు నాలుగు కూర్చోడాలు నడుస్తాయి. చివరికి ఫంక్షన్ హాలు ఏ తేదీకి ఖాళీ ఉందో చూసుకుని ఖాయం చేసుకుంటారు.